కండ్లకద్దుకునే చెయ్యి

రామసుబ్బమ్మ చెడ్డ మనిషి కాదు. ఈ మాట ముందే చెప్పిపెట్టడం మంచిది, ఎందుకంటే ఆమె చేసిన పని వింటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. చెడ్డపనులన్నీ చెడ్డవాళ్ళే చేసేటట్టయితే లోకానికి సగం పీడ విరగడయ్యేది. అట్లా కాదు. పూటకింత తిని, ఇరుగుపొరుగు కష్టానికి కన్నీళ్ళు పెట్టుకునే మామూలు మనుషులే, రెప్పపాటులో ఒక పాడుపని చేసేసి, ఆ తర్వాత కూర్చుని కుమిలిపోతుంటారు. రామసుబ్బమ్మా అంతే.

ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన రోజులవి. హిందూపురంలో బెల్లం మండీలకు అవతల ఒక ధర్మాసుపత్రి ఉండేది. అక్కడ ఆడపిల్లలను చేర్చుకుని నర్సు పని నేర్పేవాళ్ళు. అది పెద్ద చదువేమీ కాదు. కట్లు కట్టడం, సూదులు ఉడకబెట్టడం, జ్వరం చూడడం, అంతే. కాని బాగా పని చేసిన పిల్లను ఏటా ఒకరిని కర్నూలు పెద్దాసుపత్రికి అసలైన నర్సు చదువుకు సిఫారసు చేసి పంపేవాళ్ళు. అందరి కండ్లూ ఆ ఒక్క సీటు మీదే.

ఆ సీటు తనదేనని రామసుబ్బమ్మ గట్టిగా అనుకుంది. ఆమెది ధర్మవరం దగ్గర పల్లె, భూమీ పుట్రా ఉన్న ఇల్లు. ఎస్సెల్సీ పాసయింది. "మన ఇంటి ఆడపిల్ల ఊరోళ్ళ చీమూ నెత్తురూ కడిగేదేంది" అని అన్న వెంకటరాముడు అడ్డం పడితే, అన్నం మానేసి మరీ సాధించుకుని వచ్చింది. దసరాకు ఇంటికి పోయినప్పుడు, కర్నూలుకు పోబోతున్నానని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పి వచ్చింది. ఎవరూ ఇవ్వని సీటును ఊరంతా పంచిపెట్టిందన్నమాట.

ఆమెతోపాటు పని నేర్చుకుంటున్న మారక్కది రొద్దం పక్కన ఒక మెట్టపల్లె. తండ్రి ఓబుళప్ప గొర్రెలు మేపేవాడు. ఎనిమిదో తరగతి దాటని ఆ పిల్లను డాక్టరు ఈశ్వరప్ప ఊగిసలాడుతూనే చేర్చుకున్నాడు. "చూస్తాం. పనికొస్తే ఉంటుంది, లేకుంటే మీ నాయనకు కబురు పెడతాం" అన్నాడు. ఆ మాట మారక్క నెత్తిమీద ఎప్పుడూ వేలాడుతూనే ఉండేది.

ఇద్దరి పక్కలూ పక్కపక్కనే. మందుసీసాల మీది ఇంగ్లీషు అక్షరాలు రామసుబ్బమ్మే నేర్పింది. ఆదివారం వస్తే మారక్క ఆమె తలకు ఆముదం అంటి, చిక్కు తీసి, జడవేసేది. రామసుబ్బమ్మకు మారక్క అంటే నిజంగానే ఇష్టం. ఆ పిల్ల తనకంటే ఒక అడుగు వెనక ఉన్నంతకాలం ఆ ఇష్టానికి ఏ లోటూ రాలేదు.

ఆ ఏడు పెనుకొండ చుట్టుపక్కల అమ్మవారు పోసింది. గవర్నమెంటువాళ్ళు కొండకింద రేకుల షెడ్లు వేసి, మశూచి వచ్చినవాళ్ళను అక్కడికి చేర్చారు. చేయడానికి మనుషులు లేక ఆసుపత్రిని సాయం అడిగారు. అన్నమ్మ సిస్టరు వెంట ఒక పిల్లను పంపుతానని ఈశ్వరప్ప ఒప్పుకున్నాడు. ఎవరు పెనుకొండకు పోయి పని చేసొస్తే వాళ్ళకే కర్నూలు సిఫారసు అని కూడా తేల్చి చెప్పాడు. ఎవరు పోవాలో తేల్చేది మాత్రం సిస్టరు పెట్టే పరీక్ష.

అన్నమ్మ సిస్టరు నంద్యాల మనిషి. ఎండుమిరపకాయ లాగా సన్నగా ఉండేది, మాట కూడా అట్లాగే ఉండేది. "రోగం కంటికి కనపడదు. కనపడితే మీరంతా నాకంటే ముందు పారిపోదురు" అనేది. కనపడేటట్టు చేయడానికి ఒక ఉపాయం కనిపెట్టింది. బట్టలకు పెట్టే నీలిమందును ఆముదంలో చిక్కగా కలిపి, రోగి వేషం వేసిన పిల్లకు అరచేతులకు, మెడకు, పాదాలకు, మడమలకు పూసేది. కప్పిన దుప్పటికీ పూసేది. పరీక్షకు వచ్చిన పిల్ల గౌను తొడుక్కుని, తలకూ పాదాలకూ గుడ్డలు చుట్టుకుని, నాలుగు మడతల మాస్కు కట్టుకుని, రబ్బరు గ్లౌజులు వేసుకుని, ఆ రోగికి ఒళ్ళు తుడవాలి, పక్కకు పొర్లించాలి, నీళ్ళు తాగించాలి, దుప్పటి మార్చాలి. తర్వాత అన్నీ ఒక వరసలో విప్పి, చేతులు కడుక్కుని, అద్దం ముందు నిలబడాలి. ఒంటి మీద ఎక్కడ నీలం ఉంటే అక్కడ రోగం అంటినట్టు లెక్క. గ్లౌజులంటే ఏవో కొత్తవి అనుకునేరు. ఆపరేషను గదిలో చినిగిపోతే పారేసినవి. సైకిలు ట్యూబు ముక్కలతో పిల్లలే అతుకులు వేసి, ఉడకబెట్టి, పౌడరు చల్లి దాచుకునేవాళ్ళు.

"తొడుక్కునేది ఎవురికైనా వస్తాది. విప్పేదాంట్లోనే ఉండాది చదువంతా" అనేది సిస్టరు.

"మాకు టీకాలు వేసినారు గదా సిస్టరమ్మా, ఇంగ భయమేముండాది?" అని ఒక పిల్ల అంటే కస్సుమంది.

"టీకా అందరికీ ఒకే తీరుగా పట్టదు. ఆ ధీమా పెట్టుకోవద్దు. మాస్కు మూతిని కాపాడతాది, గౌను ఒంటిని కాపాడతాది. కండ్లకు అడ్డమేమీ లేదు. కండ్లు మీరే కాపాడుకోవల్ల."

పరీక్షనాడు డాక్టరు ఈశ్వరప్ప కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మిగతా పిల్లలు అంతకుముందే ముఖానా చేతులా నీలం పూసుకుని పరీక్ష తప్పారు. మిగిలింది ఈ ఇద్దరే. ముందు రామసుబ్బమ్మ చేసింది. చేసే ప్రతి పనికీ పేరు చెప్పి మరీ చేసింది. అద్దం ముందు చూస్తే మణికట్టు మీద సన్నగా నీలపు చార. "ఫరవాలేదు" అన్నాడు డాక్టరు. ఫరవాలేదు అనే మాట ఎంత చేదుగా ఉంటుందో ఆమెకు ఆరోజే తెలిసింది.

తర్వాత మారక్క వంతు. రోగిగా రామసుబ్బమ్మ పడుకోవాల్సి వచ్చింది. షెడ్లలో మంచాలుండవు కాబట్టి ఇక్కడా నేలమీద చాపే. ఒళ్ళంతా నీలిమందు పూయించుకుని, కండ్లు సగం మూసుకుని, ఆమె మారక్క చేతులను చూస్తూ పడుకుంది.

ఆ చేతులు గొర్రెలు ఈనేటప్పుడు పిల్లలను బయటికి లాగిన చేతులు. తొందర లేదు, తడబాటు లేదు. ఎక్కడ పట్టుకోవాలో అక్కడే పట్టుకున్నాయి, ఎక్కడ ముట్టుకోకూడదో అక్కడ గాలిలో ఆగాయి. దుప్పటిని లోపలికి మడుస్తూ ఒక్క మరక బయటికి కనపడకుండా మూటగట్టింది. ఈశ్వరప్ప కుర్చీలో ముందుకు వంగి, "చెన్నాగి మాడ్తాళె" అన్నాడు సిస్టరుతో. బాగా చేస్తోందని. హిందూపురంలో ఆమాత్రం కన్నడం రానివాళ్ళు ఉండరు.

రామసుబ్బమ్మకు వచ్చు. వచ్చినందుకే ప్రాణం మీదికొచ్చింది. ఆ క్షణంలో ఆమెకు కర్నూలు కనపడలేదు, చదువు కనపడలేదు. గడపలో నిలబడి "ఏమ్మే, కర్నూలన్నావే?" అని నవ్వే వెంకటరాముడి ముఖం కనపడింది.

మారక్కకు ఒక అలవాటు ఉంది. కాలు పుస్తకానికి తగిలినా, చేటకు తగిలినా, నిద్రపోయే మనిషికి తగిలినా, వంగి ముట్టుకుని, ఆ చేతిని రెండు కండ్లకూ అద్దుకోనిదే అడుగు కదపదు. మనందరికీ ఉన్న అలవాటే, ఆ పిల్లకు ఒక పాలు ఎక్కువ. ఈ సంగతి రామసుబ్బమ్మకు బాగా తెలుసు. ఎన్నోసార్లు ఆటపట్టించింది కూడా.

ఆమె కాలు చాపింది. చాలా మెల్లగా, నిద్రలో కదిలినట్టు. నీలం పూసిన మడమ చాపమీద జారుకుంటూ పోయి, అంచు దాటి, దుప్పటి మూటతో వెనక్కి నడుస్తున్న మారక్క అడుగు కిందికి చేరింది.

మారక్క తొక్కింది. "అయ్యో తల్లీ!" అంది. మూట దించి, వంగి, నీలమంటిన గ్లౌజు చేత్తో రామసుబ్బమ్మ కాలు ముట్టుకుని, కుడికంటికి అద్దుకుంది, ఎడమకంటికి అద్దుకుంది.

పిల్లలంతా ఒక్కసారి పగలబడి నవ్వారు. మారక్క రెండు రెప్పలమీదా నీలం కాటుకలాగా పట్టి ఉంది. ఏం జరిగిందో ఆ పిల్లకు ఇంకా తెలియక, అందరి ముఖాలూ చూస్తూ నిలబడింది.

డాక్టరు నవ్వలేదు. లేచి నిలబడ్డాడు.

"షెడ్లో ఇట్ల చేసింటే రెండు కండ్లూ పోతాండె. ఆ పాపం నేను మొయ్యలేను సిస్టరమ్మా. వాళ్ళ నాయనకు కబురంపించండి."

"సార్, అలవాటులో..." అంది సిస్టరు.

"అలవాటే గదా చంపేది! పెనుకొండకు రామసుబ్బమ్మ పోతాది. ఓబుళప్ప వచ్చేదాకా ఈ పిల్లకు ఉతుకుడు పని ఇయ్యండి, చాలు."

సాయంత్రం బావి గట్టు దగ్గర మారక్క సబ్బుతో రెప్పలు రుద్దుకుంటోంది. కండ్లు ఎర్రగా వాచి ఉన్నాయి, సబ్బుకో ఏడుపుకో తెలియదు. రామసుబ్బమ్మ దగ్గరికి పోయి నిలబడింది. చెప్పాలనే పోయింది. నోరు తెరిచేలోగా మారక్కే అడిగింది.

"నీ కాలు గట్టిగా తొక్కితి గదక్కా. నొప్పి పెడతాండాదా?"

"లేదులే" అంది రామసుబ్బమ్మ. అంతే అనగలిగింది. ఆ మాటతో తన గొంతులో ఏదో అడ్డంపడినట్టయి, అది ఆ తర్వాత దిగలేదు.

పెనుకొండకు పోయేముందు ఇంటికి పోయి రమ్మని సెలవిచ్చారు. ధర్మవరం స్టేషనుకు వెంకటరాముడే బండి కట్టుకుని వచ్చాడు. అడ్డంపడిన మనిషే ఇప్పుడు దారిపొడుగునా కనపడినవాళ్ళందరికీ, "మా చెల్లెలు, కర్నూలుకు పోతాది" అని చెప్పుకుంటూ బండి తోలాడు. అమ్మ బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేసింది, నెయ్యి పోసింది. రామసుబ్బమ్మ తుంచి నోట్లో పెట్టుకుంటే మట్టి నమిలినట్టుంది.

"ఇంగొక పిల్ల ఉండాదంటివే, నీకు పోటీ. ఆయమ్మేమాయె?" అన్నాడు వెంకటరాముడు.

"పరీక్ష తప్పింది."

"గొర్రెలు కాసేటోళ్ళ పిల్లకు అంత చదువెట్ల వస్తాదిలే!"

ఆమెకు ఒళ్ళు భగ్గుమంది. "నీకేం తెలుసని మాట్లాడతావు? ఆ పిల్ల చెయ్యి నాకుంటే..." అని అరిచి, ఆగిపోయింది. అన్న నోరు తెరుచుకుని చూశాడు. అన్నమీద కాదు ఆమెకు కోపం. అదే మాట తన కడుపులో ఎప్పటినుంచో ఉంది. అన్న బయటికి అన్నాడు, తను కాలు చాపింది. ఇద్దరిలో ఎవరు నయమో ఆమెకు తెలుసు. తెలిసినా ఏం లాభం? ఓళిగ అట్లాగే వదిలేసి, దొడ్లోకి పోయి ముఖం కడుక్కుంది. తల్లి వెనకే వచ్చి వీపు నిమిరి, "రోగాలకాడికి పోతాండావని భయమా తల్లీ?" అంది. అవునని తలూపింది. తల్లికి కూడా అబద్ధమే చెప్పింది.

పెనుకొండలో షెడ్లు కొండకింద బీడు మీద ఉండేవి. వేపమండలు, ఫినాయిలు, చీము, అన్నీ కలిసిన వాసన రోడ్డుమీదికే కొట్టేది. లోపల చాపలమీద వరసగా మనుషులు. కొందరికి పొక్కులు పగిలి చాపకు అంటుకుపోయేవి. పరీక్షలో నీలిమందు రోగం ఎంత సుఖమైనదో అక్కడ తెలిసింది. ఇక్కడ రోగానికి రంగు లేదు. ఎక్కడుందో, గౌను అంచుకు ఉందో, వేళ్ళసందున ఉందో, ఎవరూ చెప్పలేరు. రామసుబ్బమ్మ భయంభయంగా, కాని మనసు పెట్టి చేసింది. ఇక్కడ చచ్చేటట్టు పని చేస్తే అక్కడ చేసింది మాసిపోతుందేమోనని ఒక ఆశ. మాసిపోలేదు. ఎవరైనా "చల్లగుండు బిడ్డా" అని దీవిస్తే, మారక్కకు చెందిన దీవెన తను కాజేసినట్టు ఉండేది.

రామగిరి పక్కనుంచి కూలికి వచ్చి రోగం తెచ్చుకున్న చిన్నక్క అనే అవ్వ ఒకామె అక్కడ ఉండేది. ఒకరోజు పొద్దున ఆమెకు ఒళ్ళు తుడిచి, తడి గుడ్డలు తీసుకుని వెనక్కి తిరిగేసరికి, రామసుబ్బమ్మ కాలు ఆమె కాలికి తగిలింది. పొక్కులున్న కాలు. అవ్వ "అబ్బా" అంది.

రామసుబ్బమ్మ వంగింది. తను వంగుతున్నట్టు తనకే తెలియదు. చెయ్యి అవ్వ కాలు ముట్టుకుంది, పైకి లేచింది, గడ్డం దాటింది. కంటిముందుకు తడి గ్లౌజు వచ్చింది. దాని వేలికి అంటుకున్న చీము పొర కనపడేంత దగ్గరికి వచ్చింది.

అప్పుడు మారక్క కనపడింది. రెప్పలమీద నీలంతో, ఎందుకు నవ్వుతున్నారో తెలియక అందరివైపూ చూస్తూ.

చెయ్యి ఆగింది. రామసుబ్బమ్మ దాన్ని కిందికి దించడానికి, వేరేవాళ్ళ చేతిని దించినట్టు, బలం పెట్టాల్సి వచ్చింది.

"ఏం బిడ్డా!" అంది అవ్వ కోపంగా. "అమ్మోరు ఆడతాండే ఒళ్ళు తొక్కితివి. కండ్లకద్దుకోకుండానే పోతావా?"

"నోటితో దండం పెడతాండానవ్వా. తప్పాయ. తప్పాయ తల్లీ" అంటూ రామసుబ్బమ్మ ఏడ్చేసింది. మాస్కు తడిసిపోయింది. తడిసిన మాస్కు పనికిరాదు కాబట్టి బయటికి పోవాల్సి వచ్చింది.

అన్నమ్మ సిస్టరు తలుపు దగ్గర నిలబడి అంతా చూసింది. అన్నీ విప్పి, చేతులు కడుక్కుని వచ్చినాక అడిగింది. "చెయ్యి అంతదూరం పోయినాక ఆపేది కష్టం. ఎవురు నేర్పిరి నీకు?"

"మారక్క" అంది రామసుబ్బమ్మ.

సిస్టరు ఆమెవైపు వింతగా చూసింది.

"ఆ పిల్ల కండ్లమీద నీలం చూసినాను కాబట్టి ఆగింది సిస్టరమ్మా. లేకుంటే నా కండ్లు ఈపొద్దు పోయిండేవి. ఆ చెయ్యి మారక్కకు ఒక్కదానికే గాదు, నాకూ ఉండాది. అందరికీ ఉండాది. ఆయమ్మను ఒక్కదాన్నే ఇంటికి పంపిస్తే ఏం న్యాయం? ఇంగొక్కసారి పరీక్ష పెట్టమని డాక్టరుకు చెప్పండి."

ఇంకొక్క మాట మిగిలింది. ఆ కాలు నేనే చాపినాను అనేది. అది నాలుక చివరిదాకా వచ్చింది. సిస్టరు ముఖంలో మెచ్చుకోలు కనపడేసరికి వెనక్కిపోయింది. "ఇంగొకరి కోసం అడిగే మనసు ఎంతమందికి ఉంటాది!" అంది సిస్టరు, ఆమె భుజం తట్టి. రామసుబ్బమ్మకు అక్కడే భూమి చీలితే బాగుండుననిపించింది. దొంగతనం చేసి, అందులోనుంచి చిటికెడు దానం చేసి, పుణ్యాత్మురాలని పేరు తెచ్చుకుంది. ఇంతకంటే హీనం ఇంకేముంటుంది?

రోగం తగ్గుముఖం పట్టి, వాళ్ళు హిందూపురం వచ్చేసరికి ఆసుపత్రి వరండాలో ఓబుళప్ప కూర్చుని ఉన్నాడు. పక్కన చేతికర్ర, కంబళి. గొర్రెల వెంట తిరిగే మనిషికి కబురు ఆలస్యంగా అంది, కూతురిని తీసుకుపోవడానికి ఇప్పుడు వచ్చాడు. మారక్క ట్రంకుపెట్టె కూడా అప్పటికే బయట పెట్టేసి ఉంది.

"ఏమప్పా, కొంచెంసేపు తాళు" అని అతనికి చెప్పి, సిస్టరు నేరుగా డాక్టరు గదిలోకి పోయింది. లోపలినుంచి గొంతులు పెద్దగా వినిపించాయి, తగ్గాయి, మళ్ళీ పెద్దవయ్యాయి. చివరికి ఈశ్వరప్ప బయటికి వచ్చి, "ఒక్కసారే. తప్పితే మీ నాయన వెంట పోవల్ల" అన్నాడు మారక్కతో.

మళ్ళీ చాప పరిచారు. నీలిమందు కలిపారు.

"రోగిగా ఎవురు పండుకుంటారు?" అంది సిస్టరు.

"సుబ్బమ్మక్కనే పండుకోమనండి" అంది మారక్క.

రామసుబ్బమ్మ పడుకుంది. అరచేతులకు, మెడకు, మడమలకు చల్లగా నీలం పూశారు. ఆమె రెండు కాళ్ళూ దగ్గరికి ముడుచుకుని, ఒకదానికొకటి బిగించి పెట్టుకుంది. ప్రాణం పోయినా కదపకూడదు అనుకుంది. ఈ పిల్ల బయటపడితే చాలు, ఎవరికీ ఏమీ చెప్పనక్కరలేదు, తనకూ కొంచెం ఊపిరాడుతుంది అనుకుంది. పాపం, అంతవరకూ వచ్చినా ఆమె లెక్క ఆమెదే.

మారక్క మొదటిసారి చేసినట్టే చేసింది. అంతకంటే బాగా చేసింది. ఒళ్ళు తుడవడం అయింది, నీళ్ళు తాగించడం అయింది, దుప్పటి మడత కూడా అయింది. ఇక లేచి వెనక్కి నడవడమే. లేవబోతూ, తలకింద గుడ్డ సర్దుతున్నట్టు ముందుకు వంగింది. మాస్కు వెనకనుంచి మాట చాలా మెల్లగా వచ్చింది.

"కాలు సాపక్కా."

"ఏంది?"

"ఆపొద్దు సాపినట్టే సాపు. చాప ఉతికింది నేనే గదా. నీ మడమ గీత యాడనుంచి యాడికి పోయిండాదో సూసినా. ఇసుకేసి రుద్దినా పోలేదది."

రామసుబ్బమ్మ తల ఎత్తబోయింది. "మారక్కా, నేను..."

"ఇప్పుడు గాదు. డాక్టరు సూస్తాండాడు. సాపు. నా చెయ్యి ఆగుతాదో లేదో నేను తెలుసుకోవల్ల. తెలియకుండా అమ్మోరికాడికి పోతే కండ్లు పోయేది నావి, నీవి గాదు."

ఆ గొంతులో కోపం ఉంటే బాగుండేది. ఏడుపు ఉన్నా బాగుండేది. ఏమీ లేదు. పనిలో ఉన్న మనిషి గొంతు అది.

మారక్క దుప్పటి మూట ఎత్తుకుని లేచింది. వెనక్కి అడుగు వేసింది. రామసుబ్బమ్మ కాలు కదల్లేదు. అది తన కాలే కానట్టు బిగుసుకుపోయింది. మారక్క ఇంకో అడుగు వేయకుండా ఆగింది, ఎదురుచూసింది. అప్పుడు రామసుబ్బమ్మ కండ్లు గట్టిగా మూసుకుని కాలు చాపింది. మొదటిసారి చాపడానికి ఆమెకు ఏ బలమూ అక్కరలేకపోయింది. ఈసారి ఉన్న బలమంతా అక్కడే అయిపోయింది.

మారక్క పాదం పూర్తిగా దానిమీద పడింది.

మూట కిందికి దిగింది. మారక్క వంగింది. గ్లౌజు చెయ్యి కాలిని ముట్టుకుంది, పైకి లేచింది, రొమ్ముదాకా వచ్చింది. అన్నమ్మ సిస్టరు పెదవి కొరుక్కుంది. ఆ చెయ్యి అక్కడ ఆగింది. వేళ్ళు ఒకసారి ముడుచుకున్నాయి. తర్వాత మెల్లగా కిందికి దిగి, మూటను పట్టుకున్నాయి.

ఆ పైన అంతా వరసగా జరిగిపోయింది. నడుము ముడి, పాదాల గుడ్డలు, గ్లౌజులు, చేతులు కడగడం, మెడ ముడి, గౌను, మాస్కు, మళ్ళీ చేతులు కడగడం. మారక్క అద్దం ముందుకు వచ్చి నిలబడింది. ముఖం శుభ్రంగా ఉంది. చేతులు ముందుకూ వెనక్కూ తిప్పి చూపించింది. ఎక్కడా చుక్క నీలం లేదు. ఈశ్వరప్ప దగ్గరికి వచ్చి గోళ్ళసందులు కూడా చూశాడు.

"ఓబుళప్పను పొమ్మనండి. పిల్ల ఈడే ఉంటాది" అన్నాడు. "కర్నూలు సంగతి కూడా మళ్ళీ ఆలోచించల్ల."

పిల్లలు గోలగోలగా నవ్వుతూ మారక్క చుట్టూ చేరారు. రామసుబ్బమ్మ చాపమీద లేచి మోకాళ్ళమీద కూర్చుంది. కర్నూలు మాట ఆమె చెవిలో పడింది కాని లోపలికి పోలేదు. ఆమెకు ఒక్కటే కావాలి. ఎవరున్నారో చూడకుండా, ఏమనుకుంటారో చూడకుండా, ముందుకు వంగి మారక్క పాదాలవైపు రెండు చేతులూ చాపింది. ఆ కాళ్ళు ముట్టుకుని, ఆ చేతులు కండ్లకద్దుకుంటేనే గొంతులో అడ్డంపడింది దిగుతుందనిపించింది.

మారక్క వెనక్కి తప్పుకుంది. కోపంగా కాదు, జాగ్రత్తగా.

"ముట్టుకోవద్దక్కా. నేను కడుక్కునేసినా. నీ ఒంటిమీదంతా రోగముండాది."

"అదీ, అట్ల చెప్పల్ల!" అని సిస్టరు సంతోషం పట్టలేక గట్టిగా నవ్వింది. "సూసితిరా, పరీక్ష అయిపోయినా ఆ పిల్ల మరిచిపోలేదు."

మారక్క వరండాలోకి, నాయన దగ్గరికి పోయింది. పిల్లలూ వెంటపోయారు. రామసుబ్బమ్మ చాపిన చేతులు వెనక్కి తీసుకుని, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, అట్లాగే కూర్చుండిపోయింది.